డాక్టరుగారి కారు మళ్ళీ రోడ్డెక్కిన సంగతి

యుద్ధానికి ముందు నాలుగైదేళ్ళ మాట. ఏలూరులో కాలవగట్టు పక్కన నాకొక చిన్న మోటారు షెడ్డు ఉండేది. తాటాకు కప్పు, నూనె పీల్చి నల్లబడ్డ మట్టినేల, ఒక మూల కొలిమి, ఇంకో మూల చుట్టిపెట్టిన నా నమాజు చాప. మా నాన్న ఆ కొలిమి దగ్గరే జట్కా చక్రాలకి ఇనపపట్టాలు తొడిగేవారు. ఆయన పోయాక, జట్కాలు తగ్గి బస్సులు పెరిగాక, నేను అదే చోట మోటార్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. అంతకుముందు ఊళ్ళోనే ఇంకో పెద్ద మేస్త్రీగారి షెడ్డులో ఆరేళ్ళు పనిచేశాను. ఆయన కూడా అప్పటికి చనిపోయారు.

చలి వెనకపట్టిన రోజుల్లో ఒక ఉదయం షెడ్డు ముందు జట్కా ఆగింది. తెల్లచీర కొంగు తల మీదుగా కప్పుకున్న ఒకావిడ దిగారు. నలభై ఏళ్ళుంటాయేమో. తోడెవరూ లేరు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్ళు, అందులోనూ భర్త పోయినవాళ్ళు, మోటారు షెడ్డుకి రావడం నేనెప్పుడూ చూళ్ళేదు. చేతిలో పానా కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"మోటార్లు బాగుచేసే మేస్త్రీ నువ్వేనా, బాబూ?"

"నేనేనండి."

"ముదినేపల్లిలో మా దొడ్లో ఒక కారుంది. నాలుగేళ్ళుగా కదల్లేదు. నంబరు కొట్టేశారు, కాయితాలు వరదలో పోయాయి. దాన్ని నడిచేలా చెయ్యాలి. చట్టప్రకారం మళ్ళీ నంబరు వేయించాలి. నాకు రెండూ కావాలి."

ముదినేపల్లి అనగానే ఆవిడ ఎవరో నాకు తెలిసిపోయింది. నా మొహం మారింది కాబోలు. ఆవిడ అది చూసి, "ఆ కారే," అన్నారు. "నీళ్ళలోంచి తీసిన కారు. దాన్ని ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఇప్పటికి ఇద్దరు మేస్త్రీలు వద్దన్నారు."

"చేస్తానండి," అన్నాను.

ఆ మాట అంత తొందరగా ఎందుకన్నానో ఆవిడకి తెలియదు. అది చెప్పాలంటే ముందు డాక్టరుగారి సంగతి చెప్పాలి.

ఆవిడ భర్త ముదినేపల్లిలో డాక్టరు. కొల్లేటి లంకల్లో ఊళ్ళకి చాలావాటికి ఆయనే దిక్కు. రేవు దాకా కారులో వెళ్ళి, అక్కడ దోనె ఎక్కి కొల్లేటికోటకో, ఆ చుట్టుపక్కల లంకలకో వెళ్ళి రోగుల్ని చూసి వచ్చేవారు. కారు అమెరికా నుంచి వచ్చిన పాత రకం. గుడ్డ టాపు, చక్రాలకి చెక్క ఆకులు, ముందు హ్యాండిలు తిప్పితే గాని కదలని ఇంజను. దానికొక డ్రైవరుండేవారు, యాభై ఏళ్ళ మనిషి. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. బండి ఏ చిన్న పనికొచ్చినా గుడివాడ మీదుగా చుట్టుతిరిగి ఏలూరు, మా మేస్త్రీగారి షెడ్డుకే తెచ్చేవారు.

ఒక శ్రావణమాసంలో, కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు, రేవు వాలులో ఆ కారు ఆగలేదు. నేరుగా నీళ్ళలోకి వెళ్ళిపోయి పక్కకి ఒరిగింది. డ్రైవరుగారు ఎలాగో బయటపడ్డారు. డాక్టరుగారు టాపు కమ్ముల కింద చిక్కుకుపోయారు. జాలర్లు దూకి తీసేసరికే అయిపోయింది.

బ్రేకు పట్టలేదని డ్రైవరుగారు మొదటినుంచీ చెప్తూనే ఉన్నారు. కాలితో తొక్కితే పెడలు నేల దాకా పోయిందని, చేతిబ్రేకు లాగితే తడి వల్ల జారిపోయిందని. ఎవరూ నమ్మలేదు. ఆరు ఎద్దులు కట్టి, అడుగున మోకులు బిగించి కారుని బయటికి లాగారు. ఆ లాగడంలో కింద ఉన్నవన్నీ వంగిపోయాయి. ఏది ముందే ఊడిందో, ఏది లాగినప్పుడు ఊడిందో చూసినవాళ్ళు లేరు. డ్రైవరు అజాగ్రత్త అని కాయితం మీద పడింది. ఆయన లైసెన్సు పోయింది. కునికాడని కొందరు, తాగాడని కొందరు అన్నారు. ఆయన జన్మలో తాగలేదు. ఊళ్ళో ఉండలేక తాడేపల్లిగూడెం వెళ్ళి రైసుమిల్లులో పనికి కుదిరారని విన్నాను.

ఆ వార్త ఏలూరు వచ్చిన రోజున నాకు ఒక ఇత్తడి తీగ గుర్తొచ్చింది. గుర్తురాలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. ప్రమాదానికి నెలరోజుల ముందు ఆ కారు బ్రేకులు సరిచూసింది నేనే. కాని అందరూ డ్రైవరు తప్పన్నారు. ఆ మాట నాకు ఊరటగా ఉండింది. దాన్ని పట్టుకుని నాలుగేళ్ళు గడిపేశాను. ఇప్పుడావిడ వచ్చి కారు బాగుచెయ్యమంటే, దాని అడుగున ఏముందో నా కళ్ళతో నేను చూసుకోవాలనిపించింది. అందుకే ఒప్పుకున్నాను.

ఆవిడ ఎందుకు ఆ కారు మళ్ళీ కావాలనుకున్నారో వెళ్ళేముందు చెప్పారు. భర్త పోయాక ఆవిడ ఏలూరులో అన్నగారింట్లో ఉంటున్నారు. పొలం చూసుకోవడానికి అప్పుడప్పుడు కొల్లేటి మీద పడవలో ముదినేపల్లి వైపు వెళ్ళి వస్తుంటారు. అంతకు నెల కిందట అలా తిరిగి వస్తుంటే, అదే పడవలో ఒక లంక ఊరి ఆడమనిషిని కాన్పుకి ఏలూరు ఆసుపత్రికి తీసుకొస్తున్నారట. బిడ్డ అడ్డం తిరిగింది. ఏలూరు వైపు రేవులో దిగేసరికి బండి లేదు. ఎడ్లబండి దొరికేసరికి మధ్యాహ్నం అయింది.

"ఆ పిల్ల తల నా ఒళ్ళోనే ఉంది," అన్నారావిడ. "నన్ను పట్టుకుని, ఇంకెంత దూరం అమ్మా అని అడుగుతూ ఉంది. దగ్గరే, దగ్గరే అంటూ వచ్చాను. ఊరు కనబడుతుండగా పోయింది. మా కారు ఉండి ఉంటే అరగంట దారి. నాలుగేళ్ళుగా దాని మీద గడ్డి వేసుకుని కూర్చున్నాం."

*

రెండు రోజుల తరవాత నేను ముదినేపల్లి వెళ్ళాను. కారు గడ్డివాము పక్కన పశువులపాకలో ఉంది. టాపు చివికిపోయి పేలికలు వేలాడుతున్నాయి. టైర్లు పగిలి నేలకి అతుక్కుపోయాయి. ఇంజను మీద కోడిపెట్ట గుడ్లు పెట్టింది. పాలేరు గుడ్లు తీసి పక్కన పెట్టి, కావలసినవి అడగమని వెళ్ళిపోయాడు.

నేను ఇంజను చూడలేదు. గోనెపట్టా పరిచి ముందు అడుక్కి దూరాను.

ఆ బండిలో కాలి పెడలు నుంచి వెనక చక్రాల వైపు ఒక ఇనపరాడ్డు పోతుంది. పెడలు తొక్కితే రాడ్డు ముందుకి లాగుతుంది, బ్రేకు పడుతుంది. రాడ్డు రెండు కొసల్లోనూ వేలెడు లావు పిన్నుతో బిగించి ఉంటుంది. ఆ పిన్ను జారిపోకుండా దాని చివర కన్నంలో చీలిన చిన్న పిన్ను ఒకటి దూర్చి, కొనలు విడదీసి వంచుతారు. అంతే. ఆ చిన్న పిన్ను గట్టిగా ఉంటే అన్నీ ఉన్నట్టే.

రాడ్డు ముందు కొస కిందికి వేలాడుతోంది. పక్కన మిగతా ఇనుమంతా మోకులకి వంగి మెలితిరిగింది గాని, ఆ కొస మాత్రం ఎక్కడా వంగలేదు. కన్నం చెక్కుచెదరలేదు. బలవంతాన లాగితే ఊడింది కాదది. లావు పిన్ను తనంతట తనే జారిపోయింది. వెనక కొసకి పాక్కుంటూ వెళ్ళి చూశాను. అక్కడ లావు పిన్ను ఉంది. దాని చివర, చీలిన పిన్ను ఉండాల్సిన చోట, పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి తీగ ముక్క మెలేసి ఉంది.

మా నాన్న జట్కా దీపాలకి కట్టే తీగ అది. ఆ మెలిక ఎడమ వైపు తిరిగి ఉంది. నాది ఎడమచేతి వాటం. మా మేస్త్రీగారి షెడ్డులో ఇంకెవరిదీ కాదు.

అంతా గుర్తుంది నాకు. ఆ రోజు మా మేస్త్రీగారు బెజవాడ వెళ్ళారు. డ్రైవరుగారు పోస్టాఫీసుకి వెళ్ళారు. నేను రాడ్డు విప్పి, బ్రేకు బిగువు సరిచేసి, మళ్ళీ పెట్టబోతే చీలిన పిన్నులు విరిగిపోయాయి. డబ్బాలో కొత్తవి లేవు. డాక్టరుగారు గడియారం చూసుకుంటూ, ఎవరికో జ్వరం ఎక్కువగా ఉందట, త్వరగా కానిమ్మన్నారు. ఇంటినుంచి తెచ్చి నా సంచిలో ఉంచుకున్న ఇత్తడి తీగ రెండు చోట్లా చుట్టాను. మళ్ళీ బండి వచ్చినప్పుడు అసలువి వెయ్యొచ్చనుకున్నాను. డ్రైవరుగారు వచ్చాక ఆ మాట చెప్పలేదు. కావాలని దాచలేదు. అప్పటికే ఇంకో బండి కిందకి వెళ్ళి ఉన్నాను, మర్చిపోయాను.

పాకలో నేల మీద చాలాసేపు అలాగే పడుకుని ఉండిపోయాను. పాలేరు వచ్చి, "ఏమండీ మేస్త్రీగారూ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే లేచాను. వెనక కొస తీగ కోసి జేబులో వేసుకున్నాను.

నంబరు లేని మోటారు తన ఇంజనుతో తను రోడ్డు మీదికి రాకూడదు. ఎద్దులు లాగితే అభ్యంతరం లేదు. అందుచేత నాలుగు ఎద్దులు పూన్చి, చక్రాలకి గడ్డి నింపిన పాత టైర్లు కట్టి, గుడివాడ మీదుగా నాలుగు రోజులు నడిపించి ఏలూరు తెచ్చాను. దారిలో ఊళ్ళవాళ్ళు వచ్చి నిలబడి చూసేవారు. అది ఏ కారో తెలిసినవాళ్ళు మాట్లాడకుండా చూసి వెళ్ళిపోయేవారు. ఒక ముసలావిడ దగ్గరికొచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

పని రెండున్నర నెలలు పట్టింది. ఇంజను విప్పి కిరసనాయిలులో కడిగితే సిలిండర్లలోంచి కొల్లేటి నాచు ఎండిపోయిన పొరలుగా వచ్చింది. ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో తీగ మళ్ళీ చుట్టించాను. రెండు చక్రాలకి చెక్క ఆకులు మా నాన్న పనిముట్లతో నేనే చెక్కాను. బ్రేకు రాడ్డు కొత్తది కొట్టి, రెండు కొసల్లోనూ కొత్త పిన్నులు వేశాను. ఆ పని చేసేటప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇక ఎవరికీ ఏమీ తెలియదు. బండి రోడ్డెక్కుతుంది, మంచి పనికి వాడతారు, నేను నా వంతు చేసినట్టే. ఆ ఆలోచనతో పదిహేను రోజులు గడిపాను. ఆ పదిహేను రోజులూ ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదని మా అమ్మ అంటూండేది.

అప్పట్లో మోటార్ల రిజిస్టరు జిల్లా పోలీసు ఆఫీసులో ఉండేది. అక్కడి గుమాస్తాగారు నెమ్మదస్తులు. ఆయన చెప్పిందేమంటే, ముదినేపల్లి కృష్ణా జిల్లా కాబట్టి పాత నంబరు బందరులో ఉంది. ఇక్కడ కొత్త నంబరు వెయ్యాలంటే అక్కడినుంచి జాబు రావాలి. జాబు నెలరోజులకి వచ్చింది. ఆయన దాన్ని నాకు చదివి వినిపించారు. డ్రైవరు అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగి ఈ బండిని రిజిస్టరు నుంచి తీసేశామనీ, మళ్ళీ నమోదు చెయ్యాలంటే బాగుచేసిన మేస్త్రీ వాంగ్మూలం కావాలనీ ఉంది. బండి చేతికొచ్చినప్పుడు ఏ భాగం ఏ స్థితిలో ఉంది, ఎందువల్ల పాడయింది, అన్నీ రాసి సంతకం చెయ్యాలి.

"రేపు రాసి తెండి," అన్నారు గుమాస్తాగారు.

మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళలేదు. స్టేషనుకి వెళ్ళి తాడేపల్లిగూడెం టిక్కెట్టు కొన్నాను.

*

మిల్లు స్టేషనుకి దగ్గరే. గేటు బయటికి కూడా ఊకదుమ్ము కమ్మేసి ఉంది. డ్రైవరుగారు లోపల ఇంజను గదిలో బెల్టులకి నూనె వేస్తున్నారు. నాలుగేళ్ళలో మనిషి సగమైపోయారు. కనుబొమల మీద కూడా తవుడు పేరుకుని ఉంది. నన్ను గుర్తుపట్టి బయటికి తీసుకొచ్చారు. ఊకకుప్ప పక్కన నీడలో కూర్చున్నాం.

"బాబాయిగారూ, బ్రేకు పట్టలేదని మీరు చెప్పింది నిజమేనండి," అన్నాను.

"అది నాకు తెలుసు కదా."

"ఎందుకు పట్టలేదో చెప్పడానికి వచ్చాను."

చెప్పాను. జేబులోంచి తీగ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఆ రోజు నేనెక్కడున్నాను?"

"పోస్టాఫీసుకి వెళ్ళారు."

"వచ్చాక చెప్పలేదేం?"

"మర్చిపోయానండి."

"మర్చిపోయావు," అన్నారాయన. గొంతు పెంచలేదు. ఆ మాట తనకి తను చెప్పుకున్నట్టు ఇంకోసారి అన్నారు. తీగ మీద గుప్పిట మూశారు. "నా కాలు పెడలుతో పాటు కిందికి పోయింది చూశావా, అది ఇప్పటికీ నిద్రలో అలాగే పోతోంది. ఉలిక్కిపడి లేస్తాను. డాక్టరుగారి దినాలకి వెళ్ళాను. అమ్మగారు గుమ్మంలోకి వచ్చి ఒకటే అడిగారు, ఆ టయానికి నీ కాలు ఎక్కడుందని. బ్రేకు మీదే ఉందమ్మా అన్నాను. తలుపు వేసేశారు. నిజం చెప్తే తలుపు వేశారు. అప్పణ్ణుంచి ఎవరికీ ఏమీ చెప్పడం మానేశాను."

నేను ఆయన కాళ్ళ మీద పడబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకెందుకు చెప్తున్నావు? నాకు తెలిసిందే చెప్తున్నావు. చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు. ఆవిడకి చెప్పు. ఆఫీసులో చెప్పు."

తీగ నా చేతికి తిరిగి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం రైలుకి ఏలూరు వచ్చేశాను.

మర్నాడు ఉదయం ఆవిడ అన్నగారింటికి వెళ్ళాను. ఆవిడ వీధరుగు మీద కూర్చుని మినపపప్పు ఏరుతున్నారు. బండి సంగతి చెప్పడానికి వచ్చాననుకుని, "జాబు వచ్చిందటగా?" అన్నారు.

"వచ్చిందండి. అది కాదు, ఇంకో సంగతి," అని, నిలబడే మొత్తం చెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. తీగ అరుగు మీద పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. పప్పు ఏరే చెయ్యి మాత్రం ఆగిపోయింది.

లోపల ఎవరో పిల్లలు పాఠం వల్లిస్తున్నారు. ఆవిడ పప్పు చేట పక్కకి జరిపారు.

"నాలుగేళ్ళుగా పొద్దున్న లేవగానే ఆ డ్రైవర్ని తిట్టుకున్నాను. దేవుడి ముందు కూడా తిట్టుకున్నాను. ఆయన నిజం చెప్పాడన్నమాట."

"నిజమే చెప్పారండి."

"నిన్నిప్పుడు ఏమనాలో నాకు తెలియడం లేదు," అన్నారు. "ఏమీ అనే ఓపిక కూడా లేదు. నాకోసం ఒకటి చెయ్యి. నాకు చెప్పినట్టే అంతా కాయితం మీద రాయి. రాసి నాకు చదివి వినిపించి, అప్పుడు ఆఫీసులో ఇయ్యి."

ఆ మధ్యాహ్నమే రాశాను. చదివి వినిపించాను. ఒక చోట నేను 'పొరపాటున' అని రాస్తే ఆవిడ ఆపి, "డ్రైవరుకి చెప్పకుండా అని కూడా రాయి," అన్నారు. రాశాను.

గుమాస్తాగారు అది చదివి నన్ను నేరుగా పై అధికారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన రెండుసార్లు చదివారు. నన్ను కూర్చోమన్నారు.

"చూడవయ్యా, బండికి నంబరు వెయ్యడానికి ఇంత అక్కర్లేదు. బ్రేకు రాడ్డు పాడైంది, కొత్తది వేశాను అని రాస్తే చాలు. వచ్చేవారం నంబరు వస్తుంది. ఇది తీసుకుంటే బందరు పంపాలి. నిన్ను పిలుస్తారు. ఏమవుతుందో నేను చెప్పలేను. ఆలోచించుకుని రా, కావాలంటే."

"ఆలోచించుకునే వచ్చానండి. అలా రాస్తే ఆ డ్రైవరు మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది."

ఆయన తేదీ వేసి ముద్ర కొట్టారు.

ఆ సంతకం వల్ల వానలకి ముందే రోడ్డెక్కాల్సిన కారు వానలయ్యే దాకా షెడ్డులోనే ఉండిపోయింది. నన్ను బందరు మూడుసార్లు పిలిచారు. అడిగిందే అడిగారు, చెప్పిందే చెప్పాను. చివరికి, షెడ్డు యజమాని చనిపోయాడనీ, నేను అప్పుడు కూలికి పనిచేసేవాణ్ణనీ, నా అంతట నేనే వచ్చి చెప్పాననీ చూసి, కఠినంగా మందలించి వదిలిపెట్టారు. డ్రైవరు మీద రాసినదాన్ని కొట్టేశారు. ఇటు ఊళ్ళో సంగతి పాకింది. బస్సులవాళ్ళు చాలామంది నా షెడ్డుకి రావడం మానేశారు. ఒకాయన మొహం మీదే అన్నాడు, ఇతని చేతికి బండిచ్చి ఎక్కించుకున్నవాళ్ళ ప్రాణాలు ఎలా పణం పెడతామని. ఆ ఆరునెలలూ మళ్ళీ జట్కా చక్రాలే చేశాను.

ఈ మధ్యలో ఆవిడ ఒకరోజు రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి వచ్చారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆవిడా చెప్పలేదు, డ్రైవరుగారూ చెప్పలేదు. వచ్చాక ఆవిడ రెండు రోజులు గది దాటి బయటికి రాలేదని జట్కావాడు చెప్పాడు.

ఆశ్వయుజంలో అధికారిగారు తనిఖీకి వచ్చారు. నేనే నడిపాను. దీపాలు, హారను, స్టీరింగు ఒక్కొక్కటే చూసి, వెనకసీట్లో కూర్చుని ఊరి బయటికి పోనిమ్మన్నారు. కాలవ వంతెన అవతల దిగుడు ఉంది. అక్కడ వేగం పెంచమన్నారు. పెంచాను. సగం దిగాక, "ఆపు," అన్నారు.

తొక్కాను. కారు పదిహేను గజాల్లో ఆగింది. నేను పెడలు మీదనుంచి కాలు తియ్యలేదు. ఆయన దిగి, తనే కిందకి వంగి రాడ్డు కొసలు చూసి, వేలితో పిన్నుల కొనలు తాకి చూసుకున్నారు. పై వారం కొత్త నంబరు వచ్చింది. రేకు మీద తెల్లరంగుతో నేనే రాశాను.

డ్రైవరుగారి లైసెన్సు ఇంకో పదిహేను రోజులకి తిరిగి వచ్చింది. ఆవిడ కబురు పెడితే వచ్చారు. షెడ్డులో కారు చుట్టూ ఒకసారి నడిచి, గోనెపట్టా అడిగి, తెల్లచొక్కాతోనే కిందకి దూరారు. నేను పక్కన నిలబడ్డాను. లోపలినుంచి పిన్నుల మీద గోరుతో కొట్టి చూసుకుంటున్న చప్పుడు వినబడింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుని, "హ్యాండిలు తిప్పు," అన్నారు.

మొదటి ప్రయాణం ఏలూరు వైపు రేవుకి. లంకల్లోంచి ఎవరినో ముసలాయన్ని తెస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ వెనక కూర్చున్నారు, నేను ముందు. రేవు వాలు మొదట్లో డ్రైవరుగారు ఆపేశారు.

"మీరిద్దరూ దిగండి అమ్మా," అన్నారు.

దిగాం. ఆయన ఒక్కరే వాలులో కిందికి వెళ్ళారు. నీళ్ళకి పది గజాల ఇవతల ఆపారు. మళ్ళీ వెనక్కి ఎక్కించారు. మళ్ళీ దిగారు. అలా మూడుసార్లు. ఆవిడ నా పక్కనే నిలబడి చూస్తున్నారు. మూడోసారి కారు ఆగాక ఆయన దిగి, బురదలో నిలబడి, బానెట్టు మీద తల ఆనించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను వెళ్ళబోతే ఆవిడ, "ఉండు," అన్నారు. తనే చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, వాలు దిగి ఆయన దగ్గరికి వెళ్ళారు. దూరంగా రెండు దోనెలు వస్తున్నాయి. ఒకదాంట్లో దుప్పటి కప్పిన మనిషి పడుకుని ఉన్నాడు.

ఆ ముసలాయన బతికాడు. ఆ తరవాత చాలామందిని ఆ కారు తెచ్చింది. అందరూ బతికారని చెప్పను. కాని రేవులో బండికోసం ఎవరూ మధ్యాహ్నం దాకా కూర్చోలేదు. డ్రైవరుగారు మిల్లు పని మానేసి ఏలూరు వచ్చేశారు. యుద్ధంలో పెట్రోలు దొరక్కుండా పోయేదాకా ఆయనే నడిపారు.

ఆయన ఆ కారుని ప్రతి శుక్రవారం, నేను మసీదు నుంచి వచ్చేసరికి, నా షెడ్డు ముందు పెట్టి ఉంచేవారు. ఊళ్ళో వేరే షెడ్డులున్నాయి. ఆయన నాతో పనికి అవసరమైన మాటలే మాట్లాడేవారు. నేను చేసిన ప్రతి పనినీ, మొదటి రోజు లాగే, కిందకి దూరి చూసుకునేవారు. ఆయనకి అరవై దాటి నడుం వంగడం కష్టమయ్యాక, దూరాల్సిన పని లేకుండా ఒక చిన్న అద్దం చేయించుకుని, కర్రకి కట్టి, నన్ను దాన్ని అడుగున పట్టుకోమనేవారు. నేను పట్టుకునేవాణ్ణి. ఆయన తాపీగా చూసుకుని, సరిగ్గా ఉంటే తల ఊపేవారు. ఆ తల ఊపడం కోసం నేను వారమంతా కనిపెట్టుకుని ఉండేవాణ్ణి.